గాయానికీ కాగితానికీ మధ్య: అమెరికాలో మాజీ సైనికుల సంఘాలు

అమెరికాలో ఏ చిన్న ఊరి గుండా కారులో వెళ్ళినా ఇలాంటి భవనం ఒకటి తారసపడుతుంది. ముందు జెండాస్తంభం, పక్కన రంగు వెలిసిన పాత ఫిరంగి, గోడ మీద ‘అమెరికన్ లీజియన్’ అనో ‘వి.ఎఫ్.డబ్ల్యు.’ అనో పేరు, దాని కింద పోస్ట్ నంబరు. శుక్రవారం చేపల భోజనం, మరో రోజు బింగో అని వాకిట్లో పలక. అదే ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా కాపురముంటున్న తెలుగు కుటుంబాలు ఆ గుమ్మం దాటిన సందర్భాలు అరుదు. ముసలి సిపాయిలు చేరి చవగ్గా బీరు తాగే చోటు అని తీసిపారేసే అమెరికన్లూ తక్కువేమీ కాదు. సైన్యం నుంచి ఈ మధ్యనే బయటికి వచ్చిన యువకులు చాలామంది కూడా అదే మాటంటారు.

ఆ మాటలో కొంత నిజముంది. కానీ ఆ భవనాల్లో చాలావాటిలో, బీరు గ్లాసుల చప్పుడుకు కాస్త ఎడంగా ఒక చిన్న గది, ఒక బల్ల, కాగితాల కట్టలు ఉంటాయి. లేదా అలాంటి గది ఎక్కడుందో తెలిసిన మనిషి ఉంటాడు. మాజీ సైనికులకు అమెరికా ప్రభుత్వం ఇస్తున్న హక్కుల్లో పెద్దవి అనేకం అలాంటి గదుల్లోంచి నడిచి వచ్చినవే. అందులో ఒకదానికి భారతీయులతో నేరుగా సంబంధం ఉంది.

పంజాబు నుంచి వచ్చిన భగత్ సింగ్ థిండ్ 1918లో అమెరికా సైన్యంలో చేరాడు. యుద్ధం ముగిశాక గౌరవప్రదంగా విడుదల పొందాడు. పౌరసత్వం ఇచ్చినట్టే ఇచ్చి కొద్ది రోజులకే రద్దుచేశారు. మళ్ళీ అర్జీ పెట్టి 1920లో గెలిచాడు. ప్రభుత్వం పట్టు వదలక వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకువెళ్ళింది. చట్టంలో ఉన్న ‘శ్వేతజాతీయుడు’ అన్న మాట భారతీయులకు వర్తించదని 1923లో ఆ కోర్టు తీర్పునిచ్చింది. ఆ తీర్పు ఆధారంగా, అప్పటికే పౌరులైన మరికొందరు భారతీయుల పౌరసత్వాలను కూడా ఊడబెరికారు. థిండ్‌కు దారి తెరిచింది పన్నెండేళ్ళ తర్వాత కాంగ్రెస్ చేసిన ఒక చిన్న చట్టం. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా తరఫున పనిచేసిన ఆసియావాసులకు పౌరసత్వం పొందే వీలు కల్పించిన నై-లీ చట్టమది. దానికోసం వాషింగ్టన్‌లో కాళ్ళరిగేలా తిరిగినవాడు టొకుటారో స్లోకమ్ అనే జపాను సంతతి మాజీ సైనికుడు. బిల్లుకు అమెరికన్ లీజియన్, వి.ఎఫ్.డబ్ల్యు. అండగా నిలిచాయి. 1935 జూన్‌లో చట్టమైంది. మరుసటి ఏడు థిండ్ పౌరుడయ్యాడు.

ఆసియావాసుల వలసను అడ్డుకోవాలని అంతకు పదేళ్ళ ముందు వాదించినవారిలో ఇదే లీజియన్ ఉంది. జాతి విషయంలో ఆ సంఘానికి జ్ఞానోదయం అయిందనుకోనక్కరలేదు. తమతోపాటు యూనిఫారం తొడిగినవాడు ‘తమవాడు’ అన్న భావన మాత్రం ఒక్కోసారి జాతిగోడ కన్నా ఎత్తుగా లేచేది, అంతే. ఎప్పుడూ లేచేదని కూడా కాదు. 1944లో ఒరెగాన్ రాష్ట్రంలోని హుడ్ రివర్ పోస్ట్, ఊరి గౌరవఫలకం మీద నుంచి 16 మంది జపాను సంతతి సైనికుల పేర్లు చెరిపివేసింది. దేశమంతటా నిరసన వచ్చాకే దిగివచ్చి ఆ పేర్లను తిరిగి ఎక్కించింది.

ఈ సంఘాల అసలు పని అర్థం కావాలంటే, యుద్ధంలో తగిలిన దెబ్బ ఏ దారిన పరిహారంగా మారుతుందో చూడాలి. వెటరన్స్ ఎఫైర్స్ శాఖను అందరూ పిలిచేది ‘వి.ఏ.’ అని. ఈ శాఖ నుంచి వైకల్య పరిహారం పొందాలంటే సాధారణంగా మూడు విషయాలు రుజువు కావాలి. ఒకటి, ఇప్పుడు జబ్బు ఉండాలి. రెండు, సైన్యంలో ఉన్న కాలంలో దానికి మూలమైన సంఘటన జరిగి ఉండాలి. మూడు, ఈ రెంటికీ ఉన్న సంబంధాన్ని వైద్యుడు నిర్ధారించాలి. మొదటిది ఏ ఆసుపత్రిలోనైనా తేలుతుంది. చిక్కంతా మిగతా రెంటితోనే.

ఫిరంగుల పక్కన నాలుగేళ్ళు పనిచేసిన ఇరవైరెండేళ్ళ కుర్రవాడు చెవుల్లో హోరు మొదలైందని డాక్టరు దగ్గరికి వెళ్ళడు. వెళితే పిరికివాడంటారని భయం. పైగా ఇంటికి పంపే రోజు దగ్గర పడింది. విడుదల పరీక్షలో ఏ ఇబ్బందీ లేదని సంతకం పెట్టి వచ్చేస్తాడు. నలభై ఏళ్ళ తర్వాత భార్య మాట కూడా సరిగ్గా వినపడని స్థితి వచ్చినప్పుడు, ‘ఏ ఇబ్బందీ లేదు’ అన్న ఆ కాగితమే అతనికి అడ్డుగా నిలుస్తుంది.

అసలా కాగితమైనా మిగిలి ఉంటే అదృష్టమే. 1973 జులై 12న సెయింట్ లూయిస్ నగరం దగ్గర సైనిక రికార్డులు దాచిన కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగింది. 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల దాకా ఫైళ్ళు బూడిదయ్యాయి. 1912 నుంచి 1960 వరకు పదాతి సైన్యం నుంచి విడుదలైనవారి ఫైళ్ళలో ఎనభై శాతం పోయాయి. వాటికి నకళ్ళు లేవు. కొరియాలో మంచుకు కాళ్ళు చెడినవాడికి తాను కొరియాలో ఉన్నట్టు చూపించుకోవడమే ఒక యజ్ఞమైపోయింది.

అలాంటప్పుడు పనికివచ్చేది తోటి సైనికుడి వాంగ్మూలం. ‘ఫలానా చలికాలంలో ఇతను నా గుడారంలోనే ఉన్నాడు, కాళ్ళు నల్లబడటం నేను చూశాను’ అని సహచరుడు సంతకం చేసి ఇచ్చిన మాటను వి.ఏ. సాక్ష్యంగా పరిగణిస్తుంది. ఆ సహచరుణ్ణి ఎక్కడ వెతకాలి? పటాలాల వార్షిక సమావేశాలు, సంఘాల పత్రికల్లో పాత మిత్రుల కోసం వేసే ప్రకటనలు, పోస్ట్‌లో పక్క కుర్చీలో కూర్చున్నవాడు – ఇవే ఆధారాలు. సంఘంలో చేరడం వల్ల కలిగే లాభాల్లో దీన్ని ఎవరూ కరపత్రాల్లో వేయరు. బహుశా అన్నిటికన్నా విలువైనది ఇదే.

పోస్ట్‌లోని ఆ చిన్న గదిలో కూర్చునే వ్యక్తిని సర్వీస్ ఆఫీసర్ అంటారు. వి.ఏ. నుంచి గుర్తింపు పొంది అర్జీదారు తరఫున వ్యవహరించే ప్రతినిధి ఇతను. ఆంధ్రలో, తెలంగాణలో మాజీ సైనికుడు ఇలాంటి పనికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళతాడు. పశ్చిమ గోదావరిలో ఇంటింటా సైనికులున్న మిలిటరీ మాధవరం లాంటి ఊరివాళ్ళకు ఆ మెట్లు బాగా ఎరుక. అక్కడ ఆ పని ప్రభుత్వోద్యోగిది. అమెరికాలో కౌంటీలూ రాష్ట్రాలూ నియమించిన ఆఫీసర్లు కొందరుంటే, మరికొందరు సంఘాల మనుషులు. అవతలిపక్షమైన ప్రభుత్వం దగ్గర జీతం పుచ్చుకోని మనిషి ఇవతలిపక్షాన నిలబడటంలోనే ఆ తేడా తెలుస్తుంది.

ఆఫీసరుకు తెలిసిన కిటుకులు చిన్నవిగానే కనిపిస్తాయి. క్లెయిము పూర్తిగా సిద్ధం కాకపోయినా, దాఖలు చేసే ఉద్దేశం ఉందని ముందే ఒక ఫారం పంపితే చాలు. ఏడాదిలోపు అసలు అర్జీ పెట్టినప్పుడు, మంజూరైన పరిహారాన్ని మామూలుగా ఆ మొదటి ఫారం తేదీ నుంచే లెక్కకడతారు. ఇది తెలియక నెలల తరబడి కాగితాలు పోగుచేస్తూ కూర్చున్నవాడు అన్ని నెలల డబ్బూ పోగొట్టుకుంటాడు. వైకల్యాల శాతాలు కలిపే పద్ధతి మరీ విడ్డూరం. నడుముకు 50, మోకాలికి 30 శాతం ఇస్తే మొత్తం 80 అని ఎవరైనా అనుకుంటారు. వి.ఏ. లెక్క వేరు. 50 శాతం పోగా మిగిలిన మనిషిలో 30 శాతం అంటే 15. రెండూ కలిపి 65. దాన్ని దగ్గరి పదికి సర్ది 70 అంటారు. వైద్యుడు రాసే ఉత్తరంలోనూ మాటల బరువు చూడాలి. ‘సంబంధం ఉండవచ్చు’ అని రాస్తే అర్జీ వీగిపోతుంది. ‘సంబంధం ఉండే అవకాశం లేకపోవడానికి కనీసం సమానం’ అన్న అర్థంలో, కారణాలతో సహా రాస్తే నిలబడుతుంది. పాళ్ళు సమానమైనప్పుడు సందేహలాభం సైనికుడికే ఇవ్వాలని చట్టం చెబుతుంది. ‘ఉండవచ్చు’ అని రాయడమే శాస్త్రీయమైన వినయమని నమ్మే వైద్యులు, వారిలో తెలుగువారు కూడా, ఆ ఒక్క క్రియాపదంతో తమ రోగికి ఎంత నష్టం చేస్తున్నారో గమనించరు. అమెరికాలో ఆసుపత్రుల్లో, ముఖ్యంగా వి.ఏ. ఆసుపత్రుల్లో, పనిచేసే భారతీయ వైద్యుల సంఖ్యను బట్టి ఇది చిన్న విషయం కాదు.

సంఘాల ఆఫీసర్లు ఈ పనికి రుసుము తీసుకోరు. ఇంకా ముఖ్యమైనదేమిటంటే, వారి సాయం పొందడానికి సభ్యత్వం అవసరం లేదు. తొలి క్లెయిము వేసిపెట్టడానికి ఎవరూ డబ్బు తీసుకోకూడదన్నది చట్టం ఉద్దేశం. అయినా గుర్తింపు లేని ‘సలహా సంస్థలు’ కొన్ని, రాబోయే పరిహారంలో నెలల వాటా రాయించుకుని అదే పని చేసిపెడుతున్నాయి. మాజీ సైనికుల మధ్య వాటికి ‘క్లెయిము సొరచేపలు’ అని పేరు. ఉచితంగా దొరికే సాయం ఎక్కడుందో తెలియనివాళ్ళే వాటికి ఎర.

సభ్యత్వం లేకుండానే సాయం దొరికేటప్పుడు చేరడం ఎందుకన్న ప్రశ్న సహజం. జవాబు కోసం ఒక్కొక్కరి అర్జీని వదిలి, వేల అర్జీలు ఒకేసారి తిరస్కరణకు గురైన సందర్భాలను చూడాలి.

1962 నుంచి 1971 వరకు వియత్నాం అడవుల మీద అమెరికా విమానాలు ఏజెంట్ ఆరెంజ్ మొదలైన కలుపుమందులు చల్లాయి. వాటిలో డయాక్సిన్ కలిసి ఉంది. తిరిగివచ్చిన సైనికుల్లో కేన్సర్లు, చర్మరోగాలు బయటపడినప్పుడు, సంబంధం రుజువు కాలేదన్నది ప్రభుత్వం జవాబు. ఒంటరిగా ఏ రోగీ దాన్ని రుజువు చేయలేడు. ఏ రోజు ఏ అడవిలో ఏం పీల్చాడో అతనికే తెలియదు. అప్పుడు లీజియన్ తన సభ్యుల జాబితానే పరిశోధనకు వనరుగా మార్చింది. వియత్నాంలో పనిచేసిన వేలాది సభ్యుల ఆరోగ్యాన్ని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అధ్యయనం చేశారు. ఎపిడెమియాలజీ చదివినవారికి దీని విలువ వెంటనే తడుతుంది. ఒకే తరహా అనుభవం ఉన్న, పేరూ చిరునామా తెలిసిన వేల మందిని పోగుచేయడమే ఇలాంటి అధ్యయనాల్లో అన్నిటికన్నా కష్టం. సభ్యత్వ రిజిస్టరు ఆ పని ముందే చేసిపెట్టింది.

1978లో పుట్టిన వియత్నాం వెటరన్స్ ఆఫ్ అమెరికా, పాత సంఘాలు కలిసి తెచ్చిన ఒత్తిడితో 1991లో ఏజెంట్ ఆరెంజ్ చట్టం వచ్చింది. దాని కీలకం ‘ముందస్తు భావన’ అనే సూత్రం. వియత్నాం గడ్డ మీద కాలుపెట్టి, జాబితాలో ఉన్న జబ్బు వస్తే చాలు. సంబంధం ఉన్నట్టే లెక్క. మూడో రుజువు భారం సైనికుడి భుజం మీద నుంచి దిగిపోయింది. 2001లో టైప్ 2 మధుమేహం, 2010లో గుండె రక్తనాళాల జబ్బు, పార్కిన్సన్స్ ఆ జాబితాలో చేరాయి. ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో చెత్త తగలబెట్టిన గుంతల పొగ పీల్చినవారికి ఇదే సూత్రాన్ని 2022 ఆగస్టు నాటి పాక్ట్ చట్టం వర్తింపజేసింది. వియత్నాంవారికి రక్తపోటునూ చేర్చింది. కలుపుమందు చల్లడం ఆపిన 51 ఏళ్ళకు! ఈలోగా పోయినవారు పోయారు.

మానసిక గాయం కథ మరో దారిలో నడిచింది. 1952 నాటి అమెరికన్ మనోవైద్య వర్గీకరణలో యుద్ధభీతికి సంబంధించిన పద్దు ఒకటుండేది. 1968 నాటి రెండో కూర్పులో దాన్ని తొలగించారు, సరిగ్గా వియత్నాం యుద్ధం మహోగ్రంగా సాగుతున్న ఏడు. పీడకలలతో, ఉలికిపాట్లతో తిరిగివచ్చినవారికి పాత సంఘాల్లో ఆదరణ అంతంతమాత్రం. ఓడిన యుద్ధపు సిపాయిలన్న చూపు, మీది కూడా యుద్ధమేనా అన్న ఎత్తిపొడుపు వారికి ఎదురయ్యాయి. యుద్ధాన్ని వ్యతిరేకించే మాజీ సైనికులు 1970లో న్యూయార్క్‌లో సొంతంగా కబుర్ల బృందాలు నడుపుకున్నారు. మనోవైద్యులు రాబర్ట్ జే లిఫ్టన్, చయీమ్ షాటాన్ ఆ బృందాల్లో కూర్చుని విన్నారు. ఆ వినికిడే పోగుపడి, మరికొందరి కృషితో కలిసి, 1980లో పి.టి.ఎస్.డి. అన్న రోగనిర్ధారణగా మూడో కూర్పులోకి ఎక్కింది. నేడు తెలుగు వార్తాపత్రికలు సైతం వాడే ఆ మాట వెనుక, పాత సంఘం చోటివ్వకపోతే కొత్త సంఘం పెట్టుకున్న కుర్రవాళ్ళున్నారు.

సంఘాలు సాధించినవాటిలో అందరికీ తెలిసింది 1944 నాటి జి.ఐ. బిల్లు. లీజియన్‌కు చెందిన హ్యారీ కోల్మెరీ దాని చిత్తుప్రతిని వాషింగ్టన్‌లోని మేఫ్లవర్ హోటల్లో, హోటల్ కాగితాల మీదే రాశాడు. అంగవైకల్యం పొందినవారి సొమ్ము అందరికీ పంచిపెడతారేమోనని డి.ఎ.వి. వంటి సంఘాలు మొదట శంకించాయి కూడా. 1956 నాటికి దాదాపు 78 లక్షల మంది దానితో చదువో వృత్తిశిక్షణో పొందారు. కానీ అమలు స్థానిక బ్యాంకుల, స్థానిక కార్యాలయాల చేతుల్లో పడింది. 1947లో మిసిసిపి రాష్ట్రంలోని 13 పట్టణాల్లో వి.ఏ. హామీతో ఇచ్చిన 3,200 పైచిలుకు రుణాల్లో నల్లజాతివారికి దక్కినవి రెండు. చట్టం ఒకటే అయినా, దాన్ని తలుపు దాకా తెచ్చే సంఘం లేనివారికి అది అందలేదు.

టెక్సస్‌లో మెక్సికన్ సంతతి మాజీ సైనికుల పరిస్థితీ అంతే. వారికి సంఘం పెట్టినవాడు ఒక వైద్యుడు. మెక్సికోలో పుట్టి, గాల్వెస్టన్‌లో వైద్యం చదివి, ఐరోపాలో సైన్యంలో పనిచేసి వచ్చిన డాక్టర్ హెక్టర్ గార్సియా 1948 మార్చిలో కార్పస్ క్రిస్టీలో అమెరికన్ జి.ఐ. ఫోరమ్‌ను ఆరంభించాడు. సంఘానికి ఏడాదైనా నిండకముందే ఒక పరీక్ష ఎదురైంది. ఫిలిప్పీన్స్‌లో మరణించిన ఫీలిక్స్ లొంగోరియా అనే సైనికుడి అవశేషాలు స్వగ్రామమైన త్రీ రివర్స్‌కు వస్తున్నాయి. తెల్లవాళ్ళు ఒప్పుకోరంటూ, అంత్యక్రియల గృహం యజమాని తన ప్రార్థనామందిరం ఇవ్వడానికి నిరాకరించాడు. గార్సియా సభ పెట్టాడు, వాషింగ్టన్‌కు తంతులు కొట్టాడు. అప్పుడే సెనేటర్ అయిన లిండన్ జాన్సన్ బదులిచ్చాడు. 1949 ఫిబ్రవరిలో లొంగోరియాను ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో సైనిక లాంఛనాలతో సమాధి చేశారు. ఒక్క వితంతువు ప్రాధేయపడితే ‘కుదరదు’ అన్న జవాబుతో ముగిసిపోయిన వ్యవహారమది.

ఇక ఆరోగ్యం. 2021లో అమెరికాలో దాదాపు 6,400 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారని వి.ఏ. లెక్క, రోజుకు పదిహేడు మందికి పైమాటే. సంఘంలో చేరితే ఆత్మహత్యలు తగ్గుతాయని తేల్చిచెప్పడం తొందరపాటు. అయితే 148 అధ్యయనాలను క్రోడీకరించి 2010లో వెలువడిన ప్రసిద్ధ విశ్లేషణ ప్రకారం, గట్టి సామాజిక సంబంధాలున్నవారు బతికి ఉండే అవకాశం లేనివారి కన్నా యాభై శాతం ఎక్కువ. అది మాజీ సైనికుల గురించి ప్రత్యేకంగా చేసింది కాదు. కానీ ఇరవై నాలుగ్గంటలూ పదిమంది మధ్య బతికి, ఒక్కరోజులో ఒంటరైపోయే వృత్తులు సైన్యం లాంటివి మరెన్ని ఉన్నాయి? డి.ఎ.వి. స్వచ్ఛంద కార్యకర్తలు రోగులను తమ వ్యాన్లలో వి.ఏ. ఆసుపత్రికి ఉచితంగా తీసుకువెళ్ళి తెస్తారు. గంటన్నర ప్రయాణంలో డ్రైవరుకూ రోగికీ మధ్య సాగే మాటల్లో, డాక్టరుకిచ్చిన పావుగంటలో బయటపడనివి బయటపడతాయి. మరోవంక, మద్యం మానాలని తంటాలు పడుతున్నవాణ్ణి బారు చుట్టూ కట్టిన పోస్ట్‌కు పంపడం వైద్యం అనిపించుకోదు. ఈ విషయంలో విమర్శకులదే న్యాయం. బారు మూసేసి వ్యాయామశాల పెట్టిన పోస్ట్‌లు కొన్ని ఉన్నాయి, ఇంకా పెరగాలి.

తెలుగువారికి ఇదంతా దూరపు ముచ్చట అనిపించవచ్చు. కానీ ఇక్కడే పుట్టి సైన్యంలో చేరుతున్న పిల్లలున్నారు. 2009 నుంచి 2016 వరకు నడిచిన ‘మావ్ని’ పథకం కింద, గ్రీన్‌కార్డు లేకపోయినా భాషానైపుణ్యమో వైద్యవిద్యో ఉన్న పదివేల మందికి పైగా వలసదారులు చేరారు. వారిలో భారతీయులూ ఉన్నారు. ఆ పథకంలో చేరినవారిలో కొందరిని భద్రతా తనిఖీల పేరిట ఏళ్ళ తరబడి వేలాడదీశారు, కొందరిని కారణం చెప్పకుండా పంపేశారు. అలాంటివాడి గోడు తానా సభలోనో ఆటా సభలోనో వినేవారుండవచ్చుగానీ, కాంగ్రెస్ కమిటీ ముందు అతని తరఫున మాట్లాడే కుర్చీ మాజీ సైనికుల సంఘాలకే ఉంది. పెద్ద సంఘాల నాయకులు ఏటా ఉభయసభల కమిటీల సంయుక్త సమావేశంలో తమ కోరికలు వినిపిస్తారు. అక్కడ వెంటనే తూకం వేసేది సభ్యుల సంఖ్యనే.

ఆ సంఖ్య తరుగుతోంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో లీజియన్‌లో 30 లక్షలకు పైగా సభ్యులుండేవారు. ఇప్పుడు 20 లక్షలకు లోపే. వి.ఎఫ్.డబ్ల్యు. 1990ల నాటి 20 లక్షల నుంచి దాదాపు సగానికి పడిపోయింది. మహిళలను చేర్చుకోవడానికి ఆ సంఘానికి 1978 దాకా పట్టిందంటే, కొత్తవారు దూరంగా ఉండటానికి వారినొక్కరినే తప్పుపట్టలేం. లీజియన్ 2019లో చట్టసవరణ తెప్పించుకుని, 1941 డిసెంబరు 7 తర్వాత ఎప్పుడు పనిచేసినవారినైనా అర్హులను చేసింది. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ తరం పరుగు బృందాల్లో, టీమ్ రూబికాన్ లాంటి విపత్తు సహాయ సంస్థల్లో చేరుతోంది. వాటిలో స్నేహముంది, శరీరశ్రమ ఉంది, బారు లేదు. అయితే అర్జీల బల్లా లేదు.

ఊరి పోస్ట్ మూతపడితే భవనం అమ్ముడుపోతుంది. ఫిరంగిని పురపాలక సంఘం పార్కుకు తరలిస్తుంది. సర్వీస్ ఆఫీసర్ కోసం వచ్చినవాడు కౌంటీ కార్యాలయానికి వెళ్ళాలి. ఆ ఆఫీసరు వారంలో రెండు రోజులే కూర్చుంటే తన వంతు కోసం వేచి ఉండాలి. అందాకా ఫోనులో సొరచేపల ప్రకటనలు వస్తూనే ఉంటాయి.